గమ్ చెట్టుకు నీలం పీలిక

ఆ యేడు ఎండాకాలం మా అలబామాను పట్టుకుని ఓ పట్టాన వదల్లేదు. సెప్టెంబరు ఆఖరి ఆదివారం చర్చి వదిలేసరికి కారు తలుపు పిడి ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటోంది. ఇంటికెళ్ళి, బిగుతు బూట్లు విప్పి, ఫ్యాను కింద కూర్చుని చల్లటి తీపి టీ తాగుదామని నా ఆశ. మా ఆయన ఓథా పక్క సీట్లో సూటూ టైతో నిటారుగా కూర్చుని, "నర్సరీకి పోనీ" అన్నాడు.

"ఈ ఎండలోనా?"

"చెట్లు ఎండలోనే ఉంటాయి వెర్డెల్. మనమేం కరిగిపోం."

మార్చిలో వచ్చిన సుడిగాలి మా ఇంటి ముందున్న స్వీట్‌గమ్ చెట్టును వేళ్ళతో సహా పెకలించి రోడ్డు మీద పడేసింది. ఇల్లు కొన్న కొత్తలో ఓథా దాన్ని వాగు ఒడ్డు నుంచి వేలెడు మొక్కగా పెకలించి తెచ్చి పాతాడు. అది పెరిగి పెద్దదయ్యాక, ఆకు రాలే కాలంలో ఒకవైపు నేరేడు రంగుకీ ఇంకోవైపు మండే ఎరుపుకీ తిరిగేది. దారినపోయేవాళ్ళు కార్లు ఆపి చూసేవాళ్ళు. చూసి వాళ్ళు పోయేవాళ్ళు, ఊడ్చేది నేను. గమ్ చెట్టు చలికాలమంతా గోలీకాయంత ముళ్ళ కాయలు రాలుస్తుంది. వాటి మీద కాలేసి ఓథా రెండుసార్లు జారిపడ్డాడు, ఒకసారి మణికట్టు విరిగింది. అందుకే చెట్టు కూలిన రోజు నాకు ఏడుపు వచ్చిన మాట నిజమే కానీ, మనసులో ఒక మూల హమ్మయ్య అనిపించిన మాట కూడా నిజమే. ఓథా ఏడవలేదు. పడిపోయిన మాను మీద చెయ్యేసి కాసేపు నిలబడి, "ఇక్కడ మళ్ళీ గమ్ చెట్టే వెయ్యాలి" అన్నాడు.

వేద్దాం, దానికేం. కానీ ఆయన కళ్ళు ఆగేట్టు లేవు.

నీటికాసులు. ముప్ఫై ఏళ్ళు బడి బస్సు నడిపిన మనిషి, పక్కచూపు పోయిందని బస్సు తాళాలు ఇచ్చేశాడు. తర్వాత కారు తాళాలు నాకిచ్చేశాడు. ఆ యేటికి ఆయన చూపు వెదురు బొంగులోంచి చూసినట్టు అయిపోయింది. ఏదైనా చూడాలంటే కోడిలా తల అటూ ఇటూ వంచి ఆ బొంగులోకి తెచ్చుకునేవాడు. వేసవిలో మాంట్‌గోమరీ కంటి డాక్టరమ్మ, పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది వచ్చే వసంతం దాకా ఉంటుందో లేదో చెప్పలేననీ అంది. ఓథా ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "ఈసారి ఆకులు రంగు తిరగడం చూస్తానా?"

"చూస్తారనే అనుకుంటున్నాను" అందావిడ.

ఆ 'అనుకుంటున్నాను'ని పట్టుకుని ఇంటికొచ్చాడు.

గమ్ చెట్టుతో ఒక చిక్కుంది. ఆకు పచ్చగా ఉన్నన్నాళ్ళూ అన్నీ ఒక్కలాగే ఉంటాయి. దేని రంగు ఏమిటో ఆకు రాలే ముందు తిరిగినప్పుడే తెలుస్తుంది. అందుకని మా వైపు వాళ్ళు అప్పుడే నర్సరీకెళ్ళి, నచ్చిన రంగు చెట్టుకు గుర్తుగా రిబ్బనో గుడ్డ పీలికో కట్టి వస్తారు. ఆకంతా రాలి, చెట్టు నిద్రపోయాక, జనవరిలో నర్సరీ వాళ్ళు ఆ గుర్తు చూసి తవ్వి తెస్తారు. ఆ గుర్తు లేకపోతే మోడుల్లో ఏది ఏదో దేవుడికే తెలియాలి. ఓథాకు కావలసిందల్లా ఒకటే. ఈ యేడు రంగు తన కళ్ళతో చూసి, తన చేత్తో పీలిక కట్టాలి. నా పాత చర్చి గౌను అంచు చింపి, ఆ నీలం పీలికను కోటు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు అప్పటికే.

నర్సరీ హాలిస్‌ది. యాభై దాటిన తెల్లాయన, బానపొట్ట, గడ్డి టోపీ. చిన్నప్పుడు ఓథా బస్సులో బడికెళ్ళేవాడు. మేం కారు దిగగానే టోపీ తీసి, చొక్కా బొత్తాం పెట్టుకున్నాడు.

"ఓథా గారూ, రండి రండి. వెర్డెల్ గారూ, ఎండలో వచ్చారు."

"ఏం హాలిస్, ఇంకా గమ్ కాయలు జనం మీద విసురుతున్నావా?" అన్నాడు ఓథా.

"ఒక్కసారేనండీ విసిరింది! దానికి సంవత్సరమంతా నన్ను ముందు సీట్లో మీ వెనకే కూర్చోబెట్టారు."

"అందుకే బాగుపడ్డావు."

హాలిస్ మమ్మల్ని అంటు మొక్కల వరసలోకి తీసుకెళ్ళాడు. నేను ముందే ఫోన్ చేసి చెప్పి ఉంచాను, కాయలు కాయని రకం ఉంటే అదే ముందు చూపించమని.

"ఇది గుండ్రాకు రకమండీ. కొసలు చూడండి, ఎంత గుండ్రంగా ఉన్నాయో. ఇది కాయ కాయదు. వెర్డెల్ గారికి చీపురుతో పనే ఉండదు."

ఓథా ఒక ఆకు తెంపి వేళ్ళతో అంచు వెంట తడిమాడు. "ఇది గమ్ ఆకా, చంటిపిల్ల చేతి తొడుగా? ఆకుకు కొసలు ఉండాలి హాలిస్, నక్షత్రంలా."

"పోనీ ఇది చూడండి. సన్న రకం. కొమ్మలు పక్కకు పోవు, ఎంత ఎత్తయినా నిటారుగానే పోతుంది. చోటు కలిసొస్తుంది."

"దీని నీడ ఎవరికి? పాముకా?"

"సరే, ఇదిగో, ఇది ముదురు వంకాయ రంగు. అంటు కట్టింది కాబట్టి రంగు ఖాయం. ఏ యేడు చూసినా ఇదే రంగు, ఎవరింట్లో పెట్టినా ఇదే రంగు."

"అదే నాకు నచ్చనిది. ఎవరింట్లోనో ఉన్నది నాకెందుకు? నీ గింజ మొక్కలెక్కడ?"

గింజ మొక్కలు వెనక చేలో ఉన్నాయి. రెండాళ్ళ ఎత్తు, వరసలు వరసలుగా, అన్నీ పచ్చగా, అన్నీ ఒక్కలాగే. నా ఓపిక అయిపోయింది.

"ఓథా, గింజ మొక్కంటే మళ్ళీ కాయలే. కనపడని కాలాన ఆ ముళ్ళకాయల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంటావా? నిన్ను లేపే బలం నాకుందా?"

హాలిస్ దగ్గాడు. "అంటే... గింజ మొక్క కాయలకు రావాలంటే పదిహేను ఇరవై ఏళ్ళు పడుతుంది వెర్డెల్ గారూ."

ఓథా పగలబడి నవ్వాడు. "విన్నావా? అప్పటికి నేను జారిపడితే స్వర్గం మెట్ల మీదే."

"అక్కడికి నిన్ను రానిస్తారని నాకేం నమ్మకం లేదు" అన్నాను. కానీ నా వాదన అక్కడితో చచ్చిపోయింది.

"రంగు ఎప్పుడు తిరుగుతుంది?" అని అడిగాడు ఓథా.

హాలిస్ ఆకాశం వైపు చూశాడు. ఒక్క మబ్బు తునక లేదు. "మామూలుగా అయితే అక్టోబరు ఆఖరుకండీ. రాత్రులు చల్లబడితే. ఈ యేడు..." అని చేతులు చాపాడు.

"వస్తాం" అన్నాడు ఓథా.

వచ్చాం. ప్రతి ఆదివారం వచ్చాం. అక్టోబరు నడుస్తోంది కానీ, ఎండ జులైలా కాస్తోంది. దోమలు కూడా పోలేదు. పొద్దున లేచి నేను చేసే మొదటి పని వంటింటి తలుపు తీసి గాలి చల్లగా తగులుతుందేమోనని మొహం బయట పెట్టడం. వెచ్చటి తడి గాలి కుక్క నాలుకలా మొహానికి తగిలేది. చర్చిలో ప్రార్థన కోరికలు చెప్పమన్నప్పుడు లేచి, మంచు కురవాలని ప్రార్థించండి అన్నాను. నా వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఊరంతా ఫుట్‌బాల్ ఆటకు వాన పడకూడదని ప్రార్థిస్తుంటే, పిచ్చిదానిలా నేనొక్కదాన్నే చలి అడుగుతున్నాను.

బస్సు డ్రైవరు పక్కన కూర్చుంటే కారు నడపడమంత నరకం ఇంకోటి లేదు. "మలుపుకు ముందే సిగ్నల్ వెయ్యి, తిప్పేటప్పుడు కాదు." "ఆ ట్రక్కుకు అంత దగ్గరగా ఎందుకు పోతావు?" "ఆపు బోర్డు. ఆపు." చూపు సగం పోయినా రోడ్డంతా ఆయన ఒంట్లో ఉంది. ఒక ఆదివారం ఉన్నట్టుండి "ఆపు" అని అరిచాడు. అక్కడ ఆపేదేమీ లేదు. వేసవిలో రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ బోర్డు ముందుకు జరిపారు.

"బోర్డు అక్కడుంది ఓథా, ఆ కొత్త స్తంభం దగ్గర."

"ఓ" అన్నాడు.

ఆ తర్వాత నా డ్రైవింగుకు వంకలు పెట్టడం తగ్గించాడు. హమ్మయ్య, నలభై ఏళ్ళకు ఈయనకు బుద్ధొచ్చింది అనుకున్నాను. నా తెలివి అలాంటిది.

అక్టోబరు మధ్యలో గుడ్లు కొనడానికి వెళ్తూ, హైవే మీది పెట్రోల్ బంకు వెనకాల ఒక గమ్ చెట్టు చూశాను. సగానికి సగం ఎర్రబడి ఉంది. కారు పక్కకు లాగి కాసేపు అలాగే చూశాను. గుడ్లు కొనకుండా ఇంటికి పరిగెత్తుకొచ్చాను.

"లే. బూట్లు వేసుకో. ఒక చెట్టు తిరిగింది."

బంకులో నూనె వాసన, వేయించిన కోడి వాసన. చెత్తడబ్బాల వెనక నుంచి ఓథాను చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయాను. చెట్టు మొదట్లో పైపుల కోసం తవ్విన కందకం ఇంకా పూడ్చలేదు. తెగిన వేళ్ళు మట్టిలోంచి బయటికి చూస్తున్నాయి. ఓథా కింది కొమ్మ నుంచి ఒక ఆకు తెంపాడు. కంటికి అంగుళం దూరంలో పెట్టుకుని, తల వంచి, ఇటు తిప్పి అటు తిప్పి, వెలుగుకేసి పట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎరుపు" అన్నాడు. "మంచి ఎరుపు."

"నే చెప్పలా?"

ఆయన కాలితో నేల తడిమాడు. కందకం అంచు తగిలింది. వంగి తెగిన వేరును చేత్తో పట్టుకున్నాడు.

"ఇది కాలం వచ్చి తిరగలేదు వెర్డెల్. వేళ్ళు కోసేశారు. చచ్చిపోతూ తిరిగింది."

"అయితే ఏం? ఎరుపు ఎరుపే కదా!"

"జ్వరంతో ఎర్రబడ్డ మొహం అందమా?" అన్నాడు. ఆకును మాత్రం పారెయ్యలేదు. చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "పద. గుడ్లు కొన్నావా?"

మా అమ్మాయి రెనీటా రెండు వీధుల అవతలే ఉంటుంది. బడి వంటశాలలో పని. సాయంత్రాలు వచ్చి, ఫోన్‌లో గమ్ చెట్ల రకాలన్నీ తీసి వాళ్ళ నాన్న ముందు పెట్టేది.

"నాన్నా, ఇదిగో, ఈ రకం ప్రతి యేడూ ఇదే ఎరుపట. ఆకు తిరిగిందాకా ఆగక్కర్లేదు. రేపే తెచ్చేద్దాం."

ఓథా ఫోన్‌ను ముక్కు దాకా తెచ్చుకుని చూసి తిరిగిచ్చేశాడు. "బాగుంది. నీ పెరట్లో వేసుకో."

"మొండితనం నాన్నా ఇది."

"అవును తల్లీ."

రెనీటా వంటింట్లోకి వచ్చి మొక్కజొన్న రొట్టె ముక్కలు విరుస్తూ నా మీద పడింది. "నువ్వయినా చెప్పవేంటమ్మా? చెట్లకేం తెలుసు ఈయన కోసం త్వరపడాలని? చలి రాకముందే చూపు పూర్తిగా పోతే అప్పుడేం చేస్తావు?"

"నన్నడుగుతావేంటే? చలి నా జేబులో ఉందా తీసి ఇవ్వడానికి?" అని అరిచాను. అరిచి, సింకులో కుళాయి తిప్పి అటు తిరిగి నిలబడ్డాను. పిల్ల వచ్చి నా వీపు మీద తల పెట్టింది.

నవంబరులో మాంట్‌గోమరీ వెళ్ళాం. కంట్లో ఒత్తిడి ఇంకా పెరిగిందంది డాక్టరమ్మ. చుక్కల మందు మార్చింది. ఓథా మందుల కోసం బయట కూర్చున్నప్పుడు నేను లోపలికి తిరిగి వెళ్ళి అడిగాను, ఇంకే ఆపరేషనూ లేదా, ఎంత దూరమైనా తీసుకెళ్తాను అని. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. మంచి మనిషి. "ఉంటే నేనే చెప్పేదాన్ని కదమ్మా" అంది. ఆవిడను తిట్టడానికి కూడా వీల్లేకపోయింది.

తిరుగుదారంతా రోడ్డు పక్కన గమ్ చెట్లే. అన్నీ పచ్చగా, బలిసి, నిక్షేపంగా. వాటి మీద నాకు కలిగిన కోపం ఇంతా అంతా కాదు. జీవితంలో చెట్ల మీద కోపం తెచ్చుకోవడం అదే మొదలు.

నవంబరు ఆఖరున థాంక్స్‌గివింగ్ పండగ రోజు కూడా తలుపులు తెరుచుకుని తిన్నాం. టర్కీ కోడి, కాలర్డ్ ఆకుకూర, చిలగడదుంపతో చేసిన తీపి రొట్టె. ఓథా పళ్ళెంలో ఏది ఎక్కడుందో రెనీటా చెప్పబోతే, "వాసన వస్తోందిలే" అన్నాడు. ఆ తర్వాత నాలుగైదు రోజులకు ఒక పొద్దున తలుపు తీసేసరికి గడ్డి తెల్లగా ఉంది. మంచు. చెప్పుల్లేకుండానే గడ్డిలోకి పోయి నిలబడ్డాను. కాళ్ళు మండిపోయాయి. నా అరుపుకు పక్కింటి కుక్క మొరిగింది.

వారం తిరక్కుండానే హాలిస్ ఫోన్ చేశాడు. "వెర్డెల్ గారూ, తిరిగాయి! అన్నీ ఒక్కసారే తిరిగాయి. ఆలస్యం చెయ్యకండి, గాలొస్తే రాలిపోతాయి."

ఆ రోజు శనివారం. ఓథా సూటు అడిగాడు. "నర్సరీకా?" అంటే, "చెట్టు నన్ను మొదటిసారి చూస్తుంది కదా" అన్నాడు. దారిలో ఒక్క వంక పెట్టలేదు.

వెనక చేలోకి వెళ్ళి నేను అక్కడే నిలబడిపోయాను. అన్నాళ్ళు ఒక్కలా కనిపించిన చెట్లు ఏ చెట్టుకా చెట్టు వేరయిపోయాయి. నేరేడు, నారింజ, నెత్తుటి ఎరుపు, ఒకే చెట్టు మీద మూడు రంగులు. హాలిస్ కూడా టోపీ తీసేశాడు.

"మీరిద్దరూ ఇక్కడే ఉండండి. నేను చూసుకుంటా" అన్నాడు ఓథా.

వరసలో నడిచాడు. ఒక్కో మాను మీద చెయ్యి వేస్తూ, ఒక్కో చోట ఆగి తల ఎత్తి, కోడిలా అటూ ఇటూ వంచి చూస్తూ. నాకు ప్రాణం లేచి వచ్చింది. చూస్తున్నాడు. దేవుడు చివరి నిమిషంలోనైనా తలుపు తీశాడు అనుకున్నాను. ఎర్రటి చెట్టు దాటాడు. నేరేడు రంగుది దాటాడు. మరీ ఏరుతున్నాడే అనుకున్నాను. వరస చివర్లో ఒక చెట్టు దగ్గర ఆగి, కొమ్మ తడిమి, ఆకు నలిపి వాసన చూసి, జేబులోంచి నీలం పీలిక తీసి కట్టడం మొదలుపెట్టాడు.

మేం దగ్గరకు వెళ్ళాం. ఓథా మా వైపు తిరిగాడు. మొహం వెలిగిపోతోంది.

"చూడు వెర్డెల్. ఏం ఎరుపో! మీ అమ్మ ఈస్టర్ టోపీ ఇదే రంగు."

ఆ చెట్టు పసుపు. ఒక్క ఎర్రాకు లేదు. కింద నుంచి పై దాకా పసుపు.

హాలిస్ నోరు తెరిచాడు. నా వైపు చూశాడు. నేను ఓథా చేతుల వైపు చూస్తున్నాను. ఆ చేతులు చక్కగా, తడబడకుండా, పీలిక కొసలు రెండూ బిగిస్తున్నాయి.

"మంచి చెట్టండీ" అన్నాడు హాలిస్. అతని గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉంది.

ఓథాను కారులో కూర్చోబెట్టి, ఏదో మర్చిపోయానని చెప్పి వెనక్కి వచ్చాను. హాలిస్ షెడ్డు దగ్గర నిలబడి ఉన్నాడు.

"వెర్డెల్ గారూ, దాని పక్క వరసలోనే ఎర్రటిది ఉంది. మీరు ఊ అంటే పీలిక దానికి మారుస్తాను. ఆయనకు తెలీదు. చూసేవాళ్ళంతా ఎర్రటి చెట్టు అనే అంటారు. ఆయన మాట నిలబడుతుంది."

మంచి మాటే. నాకు ఊ అనాలనే ఉంది. కానీ "తర్వాత చెప్తాను" అని వచ్చేశాను.

ఇంటిదాకా ఓథా ఆ ఎరుపు గురించే చెప్పాడు. పొద్దుటి వెలుగులో ఎలా ఉంటుందో, వాన పడ్డాక ఎలా ఉంటుందో. నేను ఊ కొడుతూ నడిపాను. ఎప్పటి నుంచి కనపడటం లేదు ఈ మనిషికి? ఎన్ని ఆదివారాలు? అడగాలంటే భయం వేసింది. ముందు చెప్పాల్సింది ఆయనే కదా అని కూడా ఉంది.

రెనీటాకు చెబితే కాసేపు ఏడ్చి, ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని, "అయితే గుండ్రాకు రకమే తెప్పించమ్మా. ఎలాగూ తెలీనప్పుడు ఆ కాయల గొడవ మాత్రం ఎందుకు?" అంది. అదీ సబబే. అందరి మాటా సబబే. క్రిస్మస్ దాకా రోజూ ఫోన్ దగ్గరకు పోయి తిరిగొచ్చేదాన్ని. చివరికి హాలిస్‌కు ఫోన్ చేసి, "ఆయన కట్టినదే తవ్వు" అన్నాను. ఎందుకని అతను అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. బస్సు తాళాలు పోయాయి, కారు తాళాలు పోయాయి, పళ్ళెంలో ఏ కూర ఎక్కడుందో కూతురు చెప్పే దాకా వచ్చింది. తన వాకిట్లో ఏ చెట్టుండాలో చెప్పే ఆ ఒక్క ముడి కూడా నేను విప్పలేను. అంతకంటే గొప్ప ఆలోచనేం కాదు.

జనవరిలో తెచ్చారు. వేళ్ళ చుట్టూ ఉన్న మట్టి ముద్దకు గోనెపట్టా చుట్టి, ఆకు ఒక్కటి లేని మోడును గుంతలో దించి, మట్టి పూడ్చి హాలిస్ వాళ్ళు వెళ్ళిపోయారు. చల్లగా, బూడిద రంగుగా ఉంది ఆ రోజు. అన్నాళ్ళు బతిమాలినా రాని చలి, ఇప్పుడు ఎవరికీ అక్కర్లేకపోయినా ఎముకలు కొరుకుతోంది. నేను నీళ్ళ పైపు లాక్కొచ్చాను.

ఓథా మోడు దగ్గర నిలబడి కొమ్మలు తడుముతున్నాడు. గమ్ కొమ్మల మీద బెరడు రెక్కల్లా లేచి ఉంటుంది, వాటిని ఒక్కొక్కటీ తడుముతున్నాడు. చెయ్యి పీలిక దగ్గరకు వచ్చింది. ముడి మీద బొటనవేలు పెట్టి అటూ ఇటూ రుద్దాడు.

"నా ముడే" అన్నాడు. "హాలిస్ మారుస్తానని అని ఉండాలే?"

నా చేతిలో పైపు ఉంది. నీళ్ళు ఇంకా తిప్పలేదు.

"అన్నాడు" అన్నాను.

"నువ్వొద్దన్నావు."

"ఊ."

"ఇప్పుడు చెప్పు. ఏ రంగు?"

"తెలుసా నీకు?"

"నేను ఎరుపనగానే నువ్వు ఊపిరి బిగబట్టావు. నలభై ఏళ్ళుగా నా పక్కన ఊపిరి పీలుస్తున్నావు వెర్డెల్, ఆగితే తెలీదా? హాలిస్ ముందు కనపడటం లేదని ఎలా అంటాను? వాణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టినవాణ్ణి. ఏ రంగు?"

"పసుపు."

"ఎలాంటి పసుపు? వెన్నలానా?"

"కాదు. ముదురు." ఎలా చెప్పాలో వెతుక్కున్నాను. మొక్కజొన్న రొట్టె అందామనుకున్నాను, అదీ కాదు. "నీ బస్సు" అన్నాను. "అచ్చం నీ బస్సు రంగు."

ఓథా నవ్వాడు. కడుపు పట్టుకుని, మానుకు ఆనుకుని నవ్వాడు. "ముప్ఫై ఏళ్ళు దాని ముందు సీట్లో కూర్చున్నాను. చేను చేనంతా ఉంటే, ఏరి ఏరి దాన్నే తెచ్చి వాకిట్లో పెట్టుకున్నానా?" నేనూ నవ్వాను. నవ్వుతూ ఉంటే నాకు ముక్కు కారడం మొదలైంది. ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఎప్పుడు పోయింది ఓథా?"

"పెట్రోల్ బంకు దగ్గర ఆకు చూశాను. అది బాగా చూశాను. ఆ తర్వాత రంగులు ఒక్కొక్కటీ పోయాయి. ఫోన్‌లో రెనీటా చూపించేటప్పటికే అంతా మసక."

"నాకు చెప్పొచ్చు కదా! ప్రతి ఆదివారం నిన్ను ఆ చేనంతా తిప్పాను. చలి చలి అని దేవుణ్ణి పీక్కుతిన్నాను."

"పొద్దున్నే తలుపు తీసి గాలి చూసేదానివి. చప్పుడు వినపడేది. రోజూ తీసేదానివి." ఆయన పీలిక మీది నుంచి చెయ్యి తియ్యలేదు. "నీకు ఏమని చెప్పను?"

చేతి వెనకతో ముక్కు తుడుచుకున్నాను.

ఆయనే మళ్ళీ అడిగాడు. "ఆ బంకు చెట్టు ఉందా ఇంకా?"

ఉందని అనొచ్చు. ఆయన వెళ్ళి చూడబోయేది లేదు.

"లేదు. క్రిస్మస్ ముందే కొట్టేశారు."

ఓథా తల ఊపాడు. చెయ్యి ఆ రోజు ఎర్రాకు పెట్టుకున్న చొక్కా జేబు మీదికి పోయి, అక్కడ కాసేపు ఆగి, కిందికి దిగింది.

"నీళ్ళు పొయ్యి" అన్నాడు. "వేరు ఆరిపోతుంది."

కుళాయి తిప్పి వచ్చి పైపు గుంతలో పెట్టాను. నీళ్ళు మట్టిలోకి ఇంకే చప్పుడు వింటూ ఆయన అక్కడే నిలబడ్డాడు. నేను పక్కన నిలబడ్డాను.